గ్రాంటు సీరియస్

ఆ సోమవారం పొద్దున జ్ఞానమ్మ చేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. ఎనిమిది గంటల బస్సుకి బందరు వెళ్ళాలి. ఎమ్మెల్యే లక్ష్మయ్యగారి చేతిలో అర్జీ పెట్టి ఒక దణ్ణం పెట్టాలి. మధ్యాహ్నం బస్సుకి తిరిగొచ్చి ఏడో తరగతి వాళ్ళకి బాకీ పడిన భిన్నాలు చెప్పాలి. ఇంతే. ఇందులో ఎక్కడా డాక్టరు లేడు, పూలదండ లేదు, హార్లిక్స్ సీసా అసలే లేదు.

రాష్ట్రం ఏర్పడి రెండేళ్ళు దాటిన రోజులవి. దివిసీమలో సముద్రపు గాలి ఉప్పగా తగిలేంత దూరంలో ఉన్న రావిలంకలో, జిల్లా బోర్డు బడికి జ్ఞానమ్మ పద్నాలుగేళ్ళుగా హెడ్మిస్ట్రెస్. ఐదో తరగతి దగ్గర చతికిలబడిన బడిని చెయ్యి పట్టుకుని లేపి, ఒక్కో ఏడూ ఒక్కో మెట్టు ఎక్కించి, ఎనిమిదో తరగతి దాకా తెచ్చింది. ఇప్పుడు హైదరాబాదులో పొదుపు ఆలోచన ఒకటి బయల్దేరింది. పిల్లలు తక్కువగా ఉన్న బళ్ళలో పై మూడు తరగతులకీ గ్రాంటు ఆపేస్తారట. ఆ వారమే శాసనసభలో ఆ సంగతి తేలిపోతుందట.

గ్రాంటు ఆగితే ఏమవుతుందో జ్ఞానమ్మకి ఎవరూ చెప్పనక్కర్లేదు. చేపలు పట్టే సత్తయ్య కూతురు గంగాదేవి ఏడో తరగతిలో మొదటి పిల్ల. లెక్క నల్లబల్ల మీద పడకముందే జవాబు చెప్పేసే రకం. సత్తయ్య మాత్రం ముందే తెగేసి చెప్పాడు. "బడి ఊళ్ళో ఉంది గాబట్టి పంపుతున్నానండి పంతులమ్మగారూ. పడవెక్కి కాలవ దాటి ఎల్లి చదవాలంటే నా వల్ల కాదు. వలలు బాగుచేసుకుంటూ ఇంట్లో ఉంటది." అలాంటి తండ్రులు ఆ ఊళ్ళో ఇరవై మందికి తక్కువ లేరు. అందుకే అర్జీ. దాని కింద నూట నలభై సంతకాలూ, వాటికి రెట్టింపు వేలిముద్రలూ.

బడి కమిటీ ప్రెసిడెంటు గోవర్ధనరావు తన ఎడ్లబండిలో ఆమెని నాలుగు మైళ్ళ దూరంలో బస్సు ఆగే పెద్దూరు దాకా తీసుకొచ్చాడు. ఆయన మంచి ఆసామి, బడికి స్థలం ఇచ్చినవాడు. గుడివాడలో ఫోర్తు ఫారం దాకా, అంటే తొమ్మిదో తరగతి దాకా చదివాడు కాబట్టి ఇంగ్లీషు తనకి ఇంటి భాషే అనుకుంటాడు.

పెద్దూరులో బస్సు లేదు.

"బస్సేదయ్యా?" అని జ్ఞానమ్మ కిళ్ళీకొట్టు ఏడుకొండల్ని అడిగింది.

"పెళ్ళికెళ్ళిందండి."

"బస్సు పెళ్ళికెళ్ళడమేమిటి?"

"నాగాయలంక పెళ్ళివారు మాట్లాడుకుని కూచిపూడి తోలుకుపోయారండి. మరి పొద్దుగూకే దాకా రాదు."

లక్ష్మయ్యగారు మర్నాడు పొద్దున్నే హైదరాబాదు బండి ఎక్కేస్తున్నారు. గోవర్ధనరావు మాత్రం కండువా సవరించుకుని చిరునవ్వు నవ్వాడు.

"పోనివ్వండి పంతులమ్మగారూ. మనం వెళ్ళి ఆయన అరుగు మీద పడిగాపులు పడే కంటే, ఆయన్నే బడికి రప్పిద్దాం. పిల్లల మొహాలు చూస్తే ఎవరి మనసైనా కరుగుతుంది. టెలిగ్రాం కొడదాం పదండి."

పెద్దూరు తంతి ఆఫీసు పూర్ణచంద్రరావుది. అంటే ఆయన సొంతం కాదుగానీ, ఆయన కూర్చునే తీరు అలా ఉంటుంది. ఆయనకి జీవితంలో ఒకటే పట్టింపు. తంతి అన్నాక పొట్టిగా ఉండాలి. అవతలివాళ్ళు రాసుకొచ్చిన కాగితం మీద ఒక్క మాటైనా కొట్టెయ్యకుండా పంపితే ఆ రోజు ఆయనకి అన్నం సయించదు.

గోవర్ధనరావు ఇంగ్లీషులో ఒక పేరా రాసిచ్చాడు. రావిలంక పాఠశాల గ్రాంటు విషయం చాలా సీరియస్‌గా ఉన్నది కనుక, తమరు దయచేసి వెంటనే బయలుదేరి వచ్చి కాపాడవలెనని దాని సారాంశం. పూర్ణచంద్రరావు ఎర్ర పెన్సిలు తీశాడు.

"పాఠశాల ఎందుకండీ ఇందులో? గ్రాంటు బడికి కాక చెరుకుతోటకి ఇస్తారా?" అని ఆ మాట కొట్టేశాడు. "విషయం ఎందుకు? విషయం లేకుండా తంతి ఎవరు కొడతారు? వెంటనే బయల్దేరండి అన్నాక రమ్మనడం ఎందుకు? బయల్దేరినవాడు రాక ఎక్కడికి పోతాడు?"

"అయ్యో, దయచేసి అన్న మాట కూడా కొట్టేస్తున్నారే!" అంది జ్ఞానమ్మ.

"ఎమ్మెల్యేలకి దయే ఉంటే మీరు తంతి దాకా ఎందుకొస్తారమ్మా?"

చివరికి ఎర్ర గీతల మధ్య ప్రాణాలతో మిగిలినవి నాలుగే మాటలు. "గ్రాంట్ సీరియస్. స్టార్ట్ ఇమ్మీడియట్లీ." కింద జ్ఞానమ్మ, రావిలంక. పూర్ణచంద్రరావు దాన్ని ఒకసారి దూరంగా పెట్టి, ముగ్గు చూసుకున్నట్టు చూసుకుని, మురిసిపోయి, తంతి కొట్టి పంపేశాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. లక్ష్మయ్యగారు చిన్నప్పుడు బందరులో ఒక మిషను బళ్ళో చదువుకున్నారు. తండ్రి లేని పిల్లవాడు. ఆ బళ్ళో గ్రాంటు దొర అని ఒకాయన లెక్కలు చెప్పేవాడు. లెక్క తప్పితే బెత్తం, ఆకలేస్తే అన్నం, రెండూ ఆయన చేతి మీదుగానే తిన్నాడు లక్ష్మయ్య. స్వరాజ్యం వచ్చిన ఏడాది దొరగారు ముసలితనంలో ఇంగ్లీషు సీమకి వెళ్ళిపోతూ, "లక్ష్మయ్యా, చచ్చేలోగా మళ్ళీ వస్తాను. నన్ను ఈ కృష్ణ ఒండ్రులోనే పూడ్చాలి" అని చెప్పి వెళ్ళాడు. అలాంటి మనిషికి "గ్రాంట్ సీరియస్" అని తంతి వస్తే ఏమనుకుంటాడు? అందులోనూ పంపినావిడ పేరు జ్ఞానమ్మ. దొరగారు అన్నట్టే తిరిగొచ్చారు, పాపం ఎవరో క్రైస్తవ సోదరి ఆఖరి గడియల్లో ఆయనకి సేవ చేస్తోంది కాబోలు అనుకున్నారు. ఆ రోజుల్లో సీరియస్ అన్న మాట తంతిలో వచ్చిందంటే, మిగతాది చదవకముందే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవి. లక్ష్మయ్యగారు కూడా, అంత చెయ్యెత్తు మనిషీ, గడప మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారట.

ఇవేవీ తెలియని జ్ఞానమ్మ తంతి ఆఫీసు బల్ల మీద కూర్చుని ఉంది. గంట తిరక్కుండా జవాబు వచ్చింది. "స్టార్టింగ్ విత్ డాక్టర్. గివ్ హిమ్ హార్లిక్స్."

"డాక్టరెందుకు?" అంది జ్ఞానమ్మ.

గోవర్ధనరావు జాలిగా చూశాడు. "మందులిచ్చే డాక్టరు కాదండీ. పెద్ద పెద్ద చదువులు చదివిన వాళ్ళని కూడా డాక్టరంటారు. విద్యాశాఖలోంచి ఎవరో మహా పండితుణ్ణి వెంటబెట్టుకొస్తున్నారు. మన పంట పండింది!"

"మరి హార్లిక్స్?"

"ఆ పండితుడు కాఫీ తాగడు కాబోలు. ఆయనకి హార్లిక్స్ ఇవ్వమని ముందే చెప్తున్నారు. ఎంత శ్రద్ధ చూశారా!"

రావిలంకలో ఉన్నది ఒకటే హార్లిక్స్ సీసా. అది గోవర్ధనరావు భార్య కనకదుర్గమ్మ భోషాణంలో, ఆవిడ నడుముకి వేలాడే తాళంచెవి అధీనంలో ఉంది. ఆవిడ కన్నతల్లికి జబ్బు చేస్తేనే రెండు చెంచాలకి మించి తియ్యలేదు. బడి కోసం అన్నాక మాత్రం కాదనలేక సీసా పట్టుకుని తనే బడికొచ్చి కూర్చుంది. వేణ్ణీళ్ళు కాగుతున్నాయి. పిల్లలు వరండా అలికి ముగ్గులు పెట్టారు. ఎనిమిదో తరగతి గదిలో గంగాదేవి పిల్లల్ని వరసగా నిలబెట్టి స్వాగతం పాట వల్లె వేయిస్తోంది. జ్ఞానమ్మకి ఆ ఏడాదిలో అంత హాయిగా ఎప్పుడూ అనిపించలేదు.

ఒంటిగంట వేళ బళ్ళ డిప్యూటీ ఇన్స్పెక్టరుగారి బంట్రోతు సైకిలు మీద చెమటలు కక్కుతూ వచ్చి ఒక కాగితం ఇచ్చాడు. బందరు నుంచి ఎమ్మెల్యేగారి అనుచరుడొకడు ఉత్సాహం కొద్దీ ఇన్స్పెక్టరుగారి ఆఫీసుకి ఫోను చేసి, గ్రాంటుగారు ఈపాటికి పోయే ఉంటారనీ, బళ్ళకి సెలవివ్వకపోతే బాగుండదనీ చెప్పాడు. అక్కడి గుమస్తా తొందరలో రాసింది మాత్రం ఇది. "గ్రాంటు నిమిత్తము తాలూకాలోని బళ్ళు తక్షణమే మూసివేయవలెను."

జ్ఞానమ్మ రెండుసార్లు చదివింది.

"బడి ఏడాది ముగిసే ఏప్రిల్ దాకా కూడా ఆగలేకపోయారా? పై తరగతులే అన్నారు, మొత్తం బడే మూసెయ్యమంటారా?"

"నాకేం తెల్దండమ్మా. తాళం ఏసిందాకా చూసి రమ్మన్నారు" అన్నాడు బంట్రోతు.

"అయితే కూర్చుని చూస్తూ ఉండు" అని జ్ఞానమ్మ బడి తాళంకప్ప తీసుకెళ్ళి నూతిలో పడేసింది. వచ్చి వాకిలికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. పద్నాలుగేళ్ళలో ఎవరితోనూ గట్టిగా మాట్లాడని మనిషి అలా కూర్చునేసరికి ఊరంతా కదిలింది. సత్తయ్య వల భుజాన వేసుకుని వచ్చినవాడు వచ్చినట్టే ఆమె పక్కన నిలబడ్డాడు.

ఇంతలో ఆ అనుచరుడి కబురు అందిన పక్క ఊళ్ళ నుంచి జనం దిగడం మొదలెట్టారు. బండ్ల మీద కొందరు, గట్ల వెంట నడిచి కొందరు. అందరి మొహాలూ వాడిపోయి ఉన్నాయి. ముందుగా వచ్చిన ఒక ముసలాయన కండువాతో కళ్ళు ఒత్తుకుని, "గ్రాంటుగారు పోయారటగదమ్మా?" అన్నాడు.

జ్ఞానమ్మకి దుఃఖం పొంగుకొచ్చింది. సర్కారు సొమ్మంటే ఈ పెద్దాయనకి ఎంత గౌరవం, గారు చేర్చి మాట్లాడుతున్నాడు అనుకుంది.

"ఇంకా పోలేదండి. నేను పోనివ్వను" అంది.

"నీ నమ్మకం గొప్పదమ్మా" అని ఆయన చేతులు జోడించి ఓ పక్కన కూర్చున్నాడు.

మూడు గంటలకి కారొచ్చింది. అది పూర్తిగా ఆగకముందే ఒక నల్లకోటాయన తోలుసంచి పట్టుకుని దూకాడు. ఆయన బందరులో పేరున్న డాక్టరు దయానందం. చదువుల డాక్టరు కాదు, మందుల డాక్టరే.

"ఏ గదిలో?" అన్నాడు పరిగెత్తుతూనే.

"ఎనిమిదో తరగతి గదిలోనండి. దెబ్బ ముందు తగిలేది దానికే" అంది జ్ఞానమ్మ వెనకాలే పరిగెత్తుతూ.

"దెబ్బ కూడా తగిలిందా? ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?"

"పోయిన దసరా నుంచీ నీరసంగానే ఉందండి."

"ఆహారం?"

"పైనించి ఏమీ రావట్లేదండి."

"ఛ, ఛ! మరి హార్లిక్స్ ఇచ్చారా?"

"కలిపి ఉంచామండి. మీరు రావడమే తరువాయి."

"నేనొచ్చేదాకా ఆగడమేమిటమ్మా!" అని డాక్టరు తలుపు తోసుకుని లోపలికి దూరాడు. లోపల పదమూడు మంది పిల్లలు ఒక్కసారిగా స్వాగతం పాట అందుకున్నారు. కనకదుర్గమ్మ వెండి గ్లాసుతో ఎదురొచ్చింది. డాక్టరు బల్లల కింద వంగి చూశాడు. పాట మధ్యలో బల్లల కిందికి చూసే పండితుణ్ణి పిల్లలు ఎప్పుడూ చూడలేదు. అయినా గంగాదేవి కనుసైగతో రెండో చరణం ఎత్తించింది.

ఈలోగా బయట లక్ష్మయ్యగారు కారు దిగారు. చేతిలో చల్లపల్లిలో కొన్న బంతిపూల దండ. మనిషి బతికుంటే మెళ్ళో వెయ్యొచ్చు, లేకపోతే శవం మీద వెయ్యొచ్చు అని అనుచరుడు కొనిపించాడు. దిగగానే ఆయనకి కనిపించింది కళ్ళు తుడుచుకుంటున్న జనం. దానికి తోడు లోపల్నుంచి పిల్లల పాట. దొరగారు ఈ బళ్ళోనే కన్నుమూశారు, ఇంక అడగాల్సింది లేదనిపించింది. వరండా మెట్టెక్కి, దండ గుండెలకి హత్తుకుని, గద్గద స్వరంతో మొదలుపెట్టారు.

"అమ్మలారా, అయ్యలారా! ఇవాళ నేను మీ ముందు ఈ ఖద్దరు చొక్కాతో నిలబడ్డానంటే అది గ్రాంటు చలవ. నేను తండ్రి లేని వాణ్ణి. నాకు చదువు చెప్పింది గ్రాంటు. అంతెందుకు, చిన్నప్పుడు నేను తిన్నది కూడా గ్రాంటు అన్నమే!"

"గ్రాంటు తిన్నానని నిండు సభలో ఒప్పుకున్న ఎమ్మెల్యేని ఇదే చూడ్డం" అన్నాడు గోవర్ధనరావు పక్కవాడి చెవిలో, కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూ.

"అలాంటి గ్రాంటుని పోగొట్టుకుని మనం ఎలా బతుకుతాం? లేదు! గ్రాంటుకి చావు లేదు! ఆ పేరు మీద ఈ బడి నూరేళ్ళు నడవాలి. ఈ లక్ష్మయ్య ఒంట్లో ఊపిరుండగా ఈ బళ్ళో ఒక్క తరగతి మూతపడదు. ఇది మా అమ్మ మీద ఒట్టు!"

చప్పట్లు మారుమోగాయి. ఈలలు కూడా పడ్డాయి. లక్ష్మయ్యగారు ఉలిక్కిపడ్డారు. సంతాప సభలో ఈలలు వెయ్యడం ఆయన అంతకు ముందెప్పుడూ వినలేదు. ఆయన కారులోనే వచ్చిన బందరు పత్రిక విలేకరి ఒకాయన మాటకి మాట రాసుకుంటున్నాడు.

అప్పుడే డాక్టరు దయానందం మీసాల మీద హార్లిక్స్ నురగతో బయటికొచ్చాడు. "లక్ష్మయ్యగారూ, లోపల పేషెంటు లేడండీ. అందరూ నిక్షేపంలా ఉన్నారు."

"దొరగారేరీ?"

"ఏ దొరగారండీ?" అంది జ్ఞానమ్మ.

"గ్రాంటు దొరగారమ్మా! సీరియస్‌గా ఉందని జ్ఞానమ్మ పేరుతో తంతి ఇచ్చింది మీరే కదా?"

జ్ఞానమ్మకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. మరుక్షణం అంతా అర్థమైంది. అర్జీ తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన మొదటి వాక్యం చదివారు. చివరి వేలిముద్ర దాకా తిరగేశారు. మొహం ముందు ఎర్రబడింది, తర్వాత నల్లబడింది. గోవర్ధనరావు మెల్లగా బండి దగ్గరికి నడవసాగాడు.

"అంటే ఇందాక నేను మాటిచ్చింది..."

"మా గ్రాంటుకండి" అంది జ్ఞానమ్మ తల వంచుకుని. "తంతిలో మాటలు కొట్టేసింది మేము కాదండి. కానీ తప్పు నాదే. క్షమించండి."

"మా దొరగారు బతికే ఉన్నారా?"

"ఆ సంగతి మాకు తెలీదండి. మా గ్రాంటు మాత్రం నిజంగానే కొనఊపిరితో ఉంది."

లక్ష్మయ్యగారు ఏదో అనబోయారు. అంతలో సత్తయ్య కూతుర్ని రెక్క పట్టుకుని తీసుకొచ్చి ముందు నిలబెట్టాడు.

"బాబుగారండీ, పడవెక్కి పంపనని నేనే అన్నానండి. తమరు అమ్మగారి మీద ఒట్టేశారు గాబట్టి ఇంక దీని చదువు గురించి నాకు బెంగ లేదండి. ఇది పెద్ద పంతులమ్మయితే తమరి పేరే చెప్పుకుంటాదండి."

గంగాదేవి బిక్కమొహం వేసుకుని నమస్కారం చేసింది. లక్ష్మయ్యగారు ఆ పిల్లని చూశారు. విలేకరి పెన్సిల్ని చూశారు. చుట్టూ ఉన్న నాలుగైదు వందల ఓట్లని చూశారు. అన్నిటికంటే ముఖ్యంగా, తన గురువు పోయాడన్న కబురు వట్టిదన్న సంగతి అప్పటికిగాని ఆయన తలకెక్కలేదు. పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టారు. నవ్వీ నవ్వీ, చేతిలో దండ ఏం చెయ్యాలో తెలియక జ్ఞానమ్మ చేతుల్లో పెట్టేశారు.

"అమ్మా, లెక్కలు తప్పితే మా దొరగారు బెత్తంతో కొట్టేవారు. మాట తప్పితే అన్నం పెట్టేవారు కాదు. మీ అర్జీ నా దగ్గరే ఉంచుకుంటున్నాను. ఆ హార్లిక్స్ ఇంకాస్త ఉంటే ఇప్పించండి, గొంతు ఆరిపోయింది."

కనకదుర్గమ్మ సీసా బోర్లించింది.

ఇచ్చిన మాట ఆయన నిలబెట్టుకున్నారు. శాసనసభలో అరగంట మాట్లాడారట. పిల్లలకి అక్షరం దూరం చేసి మిగుల్చుకునేది పొదుపు కాదు, విత్తనాల వడ్లు వండుకు తినడం అన్నారట. మంత్రిగారు మెత్తబడ్డారు. మూడు వారాలకి రావిలంక బడి పై తరగతులకి గ్రాంటు యథాప్రకారం కొనసాగుతుందని ఆర్డరు వచ్చింది. తాలూకాలోని మిగతా బళ్ళ సంగతి పరిశీలనలో ఉన్నదని దాని కింద రాసి ఉంది. లక్ష్మయ్యగారు ఆరా తీస్తే దొరగారు కూడా సీమలో క్షేమంగానే ఉన్నారని తేలింది.

ఆర్డరు సంగతి గుప్పుమంది. ఆ ఆదివారం నుంచి మిగతా ఊళ్ళ హెడ్మాస్టర్లు ఒక్కొక్కరే వచ్చి జ్ఞానమ్మ వరండాలో కూర్చోవడం మొదలెట్టారు. అర్జీ ఎలా రాయాలి, పిల్లల లెక్క ఎలా చూపించాలి, ఎవర్ని కలవాలి అని ఆమె ఓపిగ్గా చెప్పబోయేది.

"అవన్నీ మాకు తెలుసండి. ఆ తంతి ఒక్కటీ ఎలా కొట్టారో చెప్పండి" అనేవారు వాళ్ళు.

ఆ నెల తిరక్కుండా దివి తాలూకాలో మరో పదకొండు మంది దొరలకి ప్రాణం మీదికొచ్చింది.